ఆంధ్రరత్న దుగ్గిరాల: బాపట్ల బడి నుండి రామనగరం దాకా

పరీక్ష తప్పిన పిల్లవానిని గురించి తీర్పు చెప్పడానికి లోకం ఎక్కువ కాలం తీసుకోదు. ఇంటిలో పెద్దలు నిట్టూర్చుతారు. వీధిలో తోటివారు ముసిముసి నవ్వులు నవ్వుతారు. కొన్నాళ్ళకు ఆ పిల్లవాడు కూడ తన్ను గురించిన ఆ తీర్పునే నమ్మడం మొదలుపెడతాడు. అట్టి తీర్పును తలక్రిందులు చేసిన జీవితాలు ఆంధ్రదేశంలో కొన్ని కద్దు. మెట్రిక్యులేషను పరీక్ష తప్పి, బాపట్లలో మరల చదివి గట్టెక్కి, సముద్రాలు దాటి ఎం.ఏ. పట్టం పుచ్చుకొని వచ్చి, చివరకు ఒక ఊరిని ఊరంతటినీ ఇండ్లు విడిపించి తనవెంట నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి జీవితం వానిలో మొదట చెప్పుకోదగినది. ఆయన బ్రదికినది 39 సంవత్సరాలే. ఆ కొద్దికాలంలో ఆయన విద్యార్థి, గుమాస్తా, పండితుడు, ఉపాధ్యాయుడు, సేనానాయకుడు, ఖైదీ కూడ అయినారు. ఇన్ని వేషాలలోను ఆయన మార్చుకొననిది ఒక్కటే: తనకు నచ్చని నీడలో నిలువలేని స్వభావం.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించినారు. తండ్రి కోదండరామస్వామిగారు, తల్లి సీతమ్మగారు. బిడ్డ పుట్టిన మూడవనాడే తల్లి కన్నుమూసినది. మూడవ ఏట తండ్రియు గతించినారు. తల్లి ముఖం ఎరుగని ఆ శిశువును పినతండ్రి, నాయనమ్మ చేరదీసి పెంచినారు. ఒక పిల్లవాని భవిష్యత్తును నిర్ణయించే మొదటి గురువులు బడిలో ఉండరనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఆ ఇద్దరు పెద్దలు ఆనాడు చేయి చాపకపోయినట్లయితే తరువాతి కథ యేదీ జరిగి ఉండదు.

ఆయన తొలిచదువు కూచినపూడిలోను, గుంటూరులోను సాగినది. కూచినపూడి రేపల్లె సీమలోని పల్లె, సముద్రానికి చేరువ. దాపుననే నిజాంపట్నం రేవు ఉన్నది. ఆ రేవుకే పూర్వం పెటపోలి అని పేరు. 1611లో ఇంగ్లీషు వర్తకుల ఓడ తూర్పుతీరానికి వచ్చి, బందరుతోపాటు ఆ పెటపోలిలో కూడ లంగరు వేసినది. కృష్ణాడెల్టా నేతబట్టలకోసం వచ్చిన ఆ వర్తకులే కాలక్రమాన దొరలైనారు. వారు మొదట దిగిన రేవుకు కూతవేటు దూరంలో అక్షరాలు దిద్దిన పిల్లవాడు, మూడు శతాబ్దాల తరువాత నేతగాండ్ర ఊరినే కూడగట్టుకొని ఆ దొరతనానికి ఎదురు నిలిచినాడు. చరిత్ర పుస్తకాలలో ఈ రెండు సంగతులు వేరువేరు అధ్యాయాలలో ఉంటాయి. రేపల్లె ప్రాంతపు బడిపిల్లలకు మాత్రం అవి ఒకే నేలమీది కథలు.

ఉన్నత పాఠశాలకు వచ్చేసరికి గోపాలకృష్ణయ్యగారికి సంగీతంమీద, సాహిత్యంమీద, నాటకంమీద మనసు లగ్నమైనది. ఆయన కంఠం మధురమైనది. చమత్కారం నాలుక చివర ఉండేది. ఆశువుగా పద్యం చెప్పగల నేర్పు చిన్ననాడే అబ్బినది. ఇన్ని ఉన్నవానికి లెక్కల పుస్తకం ముందు కుదురుగా కూర్చుండే ఓపిక లేకపోవడం వింత గాదు. ఫలితంగా మెట్రిక్యులేషను పరీక్ష తప్పినది. ఆ రోజులలో మెట్రిక్యులేషను అంటే సర్కారు కొలువుకు వాకిలి. అది మూసికొన్నదంటే, ఆస్తిపాస్తులు లేని అనాథ బాలునికి ముందుదారి లేనట్లే లెక్క.

ఆ మూసిన వాకిలిని మరల తెరచినది బాపట్ల. అక్కడ చదివి ఆయన పరీక్షలో ఉత్తీర్ణులైనారు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. పరీక్ష చెడగొట్టినవని అందరు అనుకొన్న ఆ పాట, ఆ ఆట బాపట్లలో అణగిపోలేదు. స్నేహితులతో కూడి జాతీయ నాట్యమండలిని స్థాపించి సంగీత నాటక ప్రదర్శనలు జరిపినారు. చదువు ఒక చేత, కళ ఒక చేత పట్టుకొని నడవవచ్చునని ఆ ఊరిలో ఆయనకు తెలిసినది. ఒక విద్యార్థి తప్పిన పరీక్షను మరల వ్రాయించడం బడి చేయగల మేలు. ఆ పరీక్షకు లొంగని శక్తి ఏదో వానిలో ఉన్నదని గుర్తించి దానికి చోటివ్వడం అంతకంటె పెద్ద మేలు. బాపట్ల ఆయనకు ఈ రెండింటికీ చోటిచ్చినది.

అవి వందేమాతరోద్యమపు రోజులు. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరం, బెజవాడ, బందరులలో ఉపన్యసించి ఆంధ్రయువకుల గుండెలలో నిప్పు రగిల్చి వెళ్ళినారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినారు. సర్కారు ముద్ర లేని చదువు, చేతిపనులతో కలిసిన చదువు, దేశభాషను గౌరవించే చదువు కావాలన్న ఆకాంక్ష ఆ సంస్థగా రూపొందినది. బాపట్ల కూడ ఈ గాలికి దూరంగా లేదు. 1913 మే మాసంలో ప్రథమాంధ్ర మహాసభ బయ్యా నరసింహేశ్వర శర్మగారి అధ్యక్షతను ఆ ఊరిలోనే సమావేశమై, ఆంధ్రుల ప్రత్యేక రాష్ట్రపు తలపును బహిరంగంగా చర్చించినది.

మెట్రిక్యులేషను గట్టెక్కిన తరువాత గోపాలకృష్ణయ్యగారు బాపట్ల తాలూకా కచ్చేరిలో ఉద్యోగంలో చేరినారు. బంధువులు తృప్తిపడినారు. అనాథ బాలుడు ఒక దరికి చేరినాడు గదా అని అనుకొన్నారు. ఆయనకు మాత్రం కచ్చేరి కాగితాలు ఊపిరాడనీయలేదు. సుమారు ఏడాది పనిచేసి ఆ కొలువు వదలినారు. పరీక్ష తప్పినప్పటికంటె ఉద్యోగం వదలినప్పుడు ఎక్కువమంది ఆయనను పిచ్చివాడని అనుకొని ఉండాలి. ఆ సమయంలో ఆయనను నమ్మిన మనిషి నడింపల్లి నరసింహారావుగారు. ఆ మిత్రుని సాయంతో 1911లో గోపాలకృష్ణయ్యగారు స్కాట్లండు దేశానికి పయనమై ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి, అర్థశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందినారు. గురువు వయస్సులో పెద్దవాడే కానక్కరలేదు. తోటివానిలోని వెలుగును వానికంటె ముందుగా చూచి, తన చేతనైనది చేసిన నరసింహారావుగారి వంటి మిత్రుడు కూడ ఒక గురువే.

విదేశంలో ఉండగా ఆయనకు మరొక గొప్ప సాంగత్యం లభించినది. సింహళంలో పుట్టి, భారతీయ శిల్ప చిత్ర నాట్యకళల మర్మాన్ని పాశ్చాత్యలోకానికి విప్పి చెప్పిన ఆనంద కుమారస్వామిగారితో ఆయన కలిసి పనిచేసినారు. వారిద్దరు నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోనికి తర్జుమా చేసినారు. ఆ గ్రంథం 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుండి వెలువడినది. తలలోను, చూపులోను, మెడలోను, హస్తాలలోను ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క అర్థాన్ని నియమించిన ఆ శాస్త్రం, యూరపు నాటకరంగాన్ని సంస్కరించదలచిన గోర్డన్ క్రెయిగ్ వంటి ప్రయోక్తలు ఎదురుచూచినట్టిది. అనువాదానికి ఆధారంగా తీసుకొన్న సంస్కృత పాఠం తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి కావడం విశేషం. మెట్రిక్యులేషను పరీక్షకు అడ్డు వచ్చిన నాటకపు పిచ్చియే ఇప్పుడు ఆయన పేరును పండితలోకంలో నిలిపినది. కుమారస్వామిగారి పేరు ప్రక్కన గ్రంథముఖపత్రంమీద దుగ్గిరాల అనే ఇంటిపేరు ఈనాటికీ ఉన్నది.

స్వదేశానికి తిరిగివచ్చి ఆయన ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించినారు. మొదట రాజమహేంద్రవరంలోను, తరువాత బందరు జాతీయ కళాశాలలోను పాఠాలు చెప్పినారు. రెండుచోట్లా ఎక్కువకాలం నిలువలేదు. ప్రభుత్వపు విద్యావిధానం ఆయనకు సరిపడలేదు. జాతీయ విద్యాలయంలో సైతం నిర్వాహకుల పద్ధతులతో పొత్తు కుదరలేదు. ఇందులో తప్పంతా పైవారిదే అనడం న్యాయం కాదు. ఒక సంస్థను నడపడానికి కావలసిన సర్దుబాటు గోపాలకృష్ణయ్యగారి స్వభావంలో తక్కువ. మంచి గురువులందరు మంచి కొలువుదార్లు కారు. నాలుగు గోడలమధ్య పాఠం చెప్పడానికి ఇమడని ఆ గురువుకు త్వరలోనే గోడలు లేని బడి ఒకటి దొరికినది. ఆ బడి పేరు చీరాల.

చీరాల, పేరాల జంట గ్రామాలు. ఆనాడు గుంటూరుజిల్లా బాపట్ల తాలూకాలోనివి. చెన్నపట్నం, బెజవాడల నడుమ రైలుమార్గం మీద ఉన్న ఈ ఊళ్ళలో నేతపనివారు విస్తారం. చీరాల రుమాళ్ళు సముద్రాలు దాటి అమ్ముడుపోయేవి. అంతవరకు యూనియను పంచాయితీ పాలనలో ఉన్న ఈ గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా చేయాలని చెన్నపట్నపు ప్రభుత్వం 1919లో నిశ్చయించినది. రైలు వచ్చి ఊరు పెరిగినది; పారిశుద్ధ్యానికి, మంచినీటికి, వీధిదీపాలకు సొమ్ము కావాలి; అందుకు పురపాలక సంఘం ఏర్పడాలి అన్నది ప్రభుత్వవాదం. ఈ వాదం అర్థం లేనిది కాదు. కాని పన్ను ఒక్కసారిగా ఎన్నోరెట్లు పెరగడం మగ్గంమీద పొట్టపోసికొనేవారికి మోయరాని భారం. తమకు అక్కరలేని సంఘాన్ని తమ సొమ్ముతో తమ నెత్తిన రుద్దవద్దని ప్రజలు మొరపెట్టుకొన్నారు. విన్నపాలు వెళ్ళినవి, సంఘం మాత్రం ఆగలేదు. పన్ను కట్టనివారిపై కేసులు పెట్టి జైళ్ళకు పంపినారు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేసి తప్పుకోగా, జీతగాడైన అధ్యక్షుని చేత పాలన సాగింపజూచినారు.

ఈ ఘట్టంలో ఒక చిక్కు ఉన్నది. దానిని పాఠం చెప్పేవారు దాటవేయరాదు. 1920 చివర ద్వంద్వప్రభుత్వం వచ్చి స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగువారైన పానగల్లు రాజాగారి చేతికి వచ్చినది. ఆయన బ్రాహ్మణేతరోద్యమ నాయకులు. తరువాతి కాలంలో రాష్ట్రపు ముఖ్యమంత్రిగా పలు సంస్కరణలకు కారకులు. అట్టివారి చేతిమీదుగానే చీరాల ప్రజల మొర తిరస్కృతమైనది. అందుచేత చీరాల కథను మంచివారికీ చెడ్డవారికీ జరిగిన పోరుగా చెప్పడం కుదరదు. స్వపరిపాలన అనే ఒకే మాటను ఇరుపక్షాలవారు వేరువేరుగా అర్థం చేసికొన్నారు. పైనుండి ఏర్పరచిన సంఘమే స్వపరిపాలన అని మంత్రులు అనుకొన్నారు. ఏ సంఘం కావలెనో నిర్ణయించుకొనే హక్కే స్వపరిపాలన అని చీరాల జనం అనుకొన్నారు.

ఈ జనానికి గోపాలకృష్ణయ్యగారు నాయకులైనారు. ఆయన మొదట చేసిన పని యువకులను చేరదీయడం. సుమారు వేయిమందిని కూర్చి రామదండు అనే సేవాదళాన్ని ఏర్పరచినారు. కాషాయవర్ణపు ఖద్దరు బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు వారి వేషం. క్రమశిక్షణ వారి ఆయుధం. పురాణపురుషుని పేరుతో, భజనతో, జానపదుల ఆటపాటలతో ఆయన రాజకీయాన్ని పామరులకు చెప్పినారు. ఇంగ్లీషు ఉపన్యాసాలకు అలవాటుపడిన నాయకులకు ఇది క్రొత్త. పల్లెజనానికి మాత్రం పాతదే. ఈ వేషభాషలు ఒక మతంవారికి చేరువై, తక్కినవారికి దూరం కావచ్చునన్న విమర్శ నేటి చదువరికి తోచితే అది త్రోసిపుచ్చరానిది. అయినను ఎడింబరోలో చదివినవాడు తన చదువును నేతగాని గుమ్మం దాకా మోసుకొనిపోయి, అతనికి తెలిసిన భాషలో విప్పి చెప్పినాడన్నది అంతే నిజం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనది. వేలాదిగా తరలివచ్చిన జనాన్ని అదుపులో ఉంచడంలో రామదండు చూపిన నేర్పు అందరి కన్నులలో పడినది. ఆ వెంటనే ఏప్రిల్ మొదటివారంలో గాంధీమహాత్ముడు చీరాల వచ్చినారు. ఆయన ప్రజల ముందు రెండు మార్గాలు పెట్టినారు. శాంతం తప్పకుండ పన్నులు నిరాకరించి వచ్చిన శిక్షలు అనుభవించడం ఒకటి. పురపాలక సంఘపు హద్దులు దాటి ఊరు విడిచిపోవడం రెండవది. ఏ మార్గమైనా దాని కష్టనష్టాలు ప్రజలే భరించవలెనని కూడ స్పష్టపరచినారు. గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నారు.

తరువాత జరిగినది ఆంధ్రుల చరిత్రలో అంతకుముందు కనబడనిది. ఏప్రిల్ నెల ముగియకముందే చీరాల, పేరాల ఖాళీ కాసాగినవి. 15 వేల పైచిలుకు జనంలో 13 వేలకు పైబడి ఇండ్లకు తాళాలు పెట్టి, పిల్లలను, ముసలివారిని, మగ్గాలను, పశువులను వెంటబెట్టుకొని హద్దు దాటినారు. ఇసుకనేలలో తాటాకు పాకలు లేచినవి. ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టినారు. నడివేసవి యెండ, ఆపైన వానలు, సముద్రపు గాలి అన్నీ ఆ పాకలలోనే భరించినారు. రామనగరానికి తనదైన సభ ఉన్నది; తగవులు తీర్చే పంచాయితీ ఉన్నది; కాపలాకు రామదండు ఉన్నది. సాయంకాలాలలో భజనలు, ఆటలు ఉన్నవి. పరీక్ష చెడినా విడువని ఆ కళాభిమానం ఇక్కడ వేలమంది ఓర్పుకు ఊతమైనది. ఈ విధంగా ఆ జనం 11 మాసాలు గడిపినారు.

అదే యేడు, అదే గుంటూరుజిల్లాలో మరి రెండు పోరాటాలు సాగినవి. బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వాన రైతులు శిస్తు నిరాకరించినారు. పల్నాటిలో అడవిపుల్లరికి ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు గుండ్లకు బలి అయినాడు. ఈ మూడింటిని కలిపి చదివితేనే ఆనాటి గుంటూరుజిల్లా ముఖం తెలుస్తుంది. ఒకచోట రైతు, ఒకచోట అడవి అంచున పశువుల కాపరి, ఒకచోట నేతగాడు. ముగ్గురూ అడిగిన ప్రశ్న ఒక్కటే: మమ్ము అడుగకుండ మాపై పన్ను వేసే హక్కు ఎవరికి ఎక్కడిది?

రామనగరపు ఖర్చులకు ధనం కావలసి వచ్చినది. ఆ పనిమీద గోపాలకృష్ణయ్యగారు 1921లో బరంపురం వెళ్ళినారు. అక్కడ ఉపన్యసించరాదని అధికారులు నిషేధాజ్ఞ ఇచ్చినారు. ఆయన దానిని పాటించలేదు. ఒక సంవత్సరం ఖైదు విధించి తిరుచిరాపల్లి చెరసాలకు పంపినారు. నాయకుడు దూరమైన తరువాత రామనగరం దినదినం నీరసించినది. చేతిలోని సొమ్ము అయిపోయినది, పాకలు శిథిలమైనవి, అయినవారి కష్టం చూడలేక కొందరు, ఆశ అడుగంటి కొందరు తిరుగుముఖం పట్టినారు. 1922లో జనం మరల తమ యిండ్లకు వచ్చినారు. పురపాలక సంఘం అలాగే నిలిచినది. పన్నులు కట్టక తప్పలేదు. లోకదృష్టిలో అది ఓటమి.

ఆ ఓటమికి కారణాలు వెదకడం నాయకుని అవమానించడం కాదు. ఇంత భారాన్ని ఒక్క మనిషి భుజాలమీద నిలపడం అందులో మొదటిది. ఆయన లేనప్పుడు నడిపించే రెండవ వరుస నాయకులు చాలినంతమంది తయారు కాలేదు. వేలమంది కూలినాలి చేసికొనే సంసారాలు ఏడాదిపాటు బయట బ్రదకడానికి కావలసిన ధనం ముందుగా సమకూడలేదు. బయటినుండి వచ్చిన సాయం చాలలేదు. ఇవన్నీ ఒప్పుకొన్న తరువాత కూడ ఒక సంగతి మిగులుతుంది. 11 మాసాలలో ఆ జనం ఆయుధం పట్టలేదు. తమంతట తాము ఒక ఊరు కట్టుకొని, తమ తగవులు తాము తీర్చుకొని, పాలించుకోగలమని చేసి చూపినారు. పన్ను విషయంలో ఓడినవారు, స్వపరిపాలన అంటే ఏమిటో దేశానికి చెప్పిన విషయంలో ఓడలేదు.

చెర విడిచివచ్చిన తరువాత గోపాలకృష్ణయ్యగారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కాంగ్రెసు రాజకీయాలలో పాల్గొన్నారు. వాటితోపాటు ఆయన మనసు మరల విద్యవైపు మళ్ళినది. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను నెలకొల్పి పండితులను, కళాకారులను ఒకచోట చేర్చజూచినారు. సాధన అనే పత్రికను నడిపినారు. తోలుబొమ్మలాట వంటి జానపదకళలను చదువుకొన్నవారు చిన్నచూపు చూచే రోజులలో, వానిలో జాతిజీవనాడి ఉన్నదని ఎలుగెత్తి చెప్పినారు. ఆంధ్రరత్న అని ప్రజలు ఆయనను ప్రేమతో పిలిచినారు. ఆ పేరుకు తగిన భోగం మాత్రం ఆయన ఏనాడు ఎరుగరు. పేదరికం వెంట నడిచినది; క్షయవ్యాధి పట్టుకొన్నది. 1928 జూన్ 10వ తేదీన ఆయన కన్నుమూసినారు. 39 ఏండ్లు నిండి ఎనిమిది దినాలే అయినవి. స్వాతంత్ర్యం రావడానికి ఇంకను 19 సంవత్సరాలు ఉన్నది.

బెజవాడలో కాంగ్రెసువారి కార్యాలయానికి ఆంధ్రరత్న భవనమని పేరు పెట్టినారు. ఆయన పెరిగిన రేపల్లె సీమ, చదివిన బాపట్ల, పోరాడిన చీరాల మూడును 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఒక్కచోట చేరినవి. పేర్లు పెట్టడం, విగ్రహాలు నిలపడం సులువు. ఆ పేరు వెనుక ఉన్న బ్రదుకును పిల్లలకు ఉన్నదున్నట్లు చెప్పడం కష్టం. ఎందుచేతనంటే పిల్లలు ప్రశ్నిస్తారు: ఓడిపోయినవారిని ఎందుకు గౌరవించాలి? ఇండ్లు విడిచినవారికి కలిగిన లాభమేమి? వారు తిరిగి రావడం పిరికితనం కాదా? ఈ ప్రశ్నలకు బెదరి విజయాల పాఠం మాత్రమే చెప్పే ఉపాధ్యాయుడు చరిత్రలో సగం దాచినవాడవుతాడు.

తెనాలిలో ఈ కష్టమైన పని చేయడానికి సహాయపడే చోటు ఒకటి ఉన్నది. 1942 ఆగస్టు 12వ తేదీన క్విట్ ఇండియా ఉద్యమంలో ఆ పట్టణంలో పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు ప్రాణాలు విడిచినారు. వారి జ్ఞాపకార్థం స్తంభాలు నిలిపిన కూడలికి రణరంగచౌక్ అని పేరు. ఆ దారిన పోయే పిల్లవానికి ఆ స్తంభాలే ఒక పాఠం. చీరాలలోని తాటాకు పాకలకు అట్టి భాగ్యం లేదు. అవి గాలికి, వానకు పోయినవి. ప్రాణాలర్పించినవారిని తలచుకోవడానికి రాయి చాలును. 11 మాసాలు ఓర్చి, ఆకలితో అలసి, తలవంచుకొని ఇంటికి తిరిగివచ్చిన 13 వేలమందిని తలచుకోవడానికి మాత్రం ఉపాధ్యాయుని నోటిమాట కావాలి.

తెనాలి నుండి బాపట్ల మీదుగా చీరాలకు పోయే రైలు, తెనాలి నుండి రేపల్లెకు పోయే రైలు ఈనాటికీ ఈ నాలుగు ఊళ్ళను కలుపుతున్నవి. ఒక సెలవుదినాన విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ దారిన వెళ్ళే ఉపాధ్యాయునికి వేరే పాఠ్యగ్రంథం అక్కరలేదు. నిజాంపట్నం రేవును, బాపట్లను, రణరంగచౌక్‌ను, చీరాల ఇసుకనేలను చూపి, అక్కడక్కడ జరిగినది జరిగినట్లు చెప్పితే చాలును. ఆ గుంపులో వెనుకవరుసన, క్రిందటి పరీక్షలో తప్పి తలవంచుకొని నడిచే పిల్లవాడు ఒకడు తప్పక ఉంటాడు. బాపట్లలో మరల చదివి గట్టెక్కిన గోపాలకృష్ణయ్యగారి కథ వానికి వినబడేటట్లు కొంచెం గట్టిగా చెప్పాలి.